చివరి మాట కోసం మెదడు ఆగుతుందా?

"నాకు ఇంగ్లీషు రాదు సార్, నా బుర్రకు ఎక్కదు." మన హాస్టల్‌లో చాలామంది నోట వినిపించే మాట ఇది. లోపం నిజంగా బుర్రలో ఉందా? మెదడు వాక్యాన్ని ఎలా అర్థం చేసుకుంటుందో తెలిస్తే ఈ భయం సగం పోతుంది.

క్రియ ఎక్కడ?

తెలుగు వాక్యం కర్త, కర్మ, క్రియ అనే వరుసలో నడుస్తుంది. ఇంగ్లీషులో క్రియ మధ్యలోకి వస్తుంది. మనలాగే క్రియను చివర పెట్టే భాష జపనీస్. "తారో గ రింగొ ఒ తబెత" అంటే "తారో ఆపిల్‌ను తిన్నాడు". ఇందులోని 'ఒ' మన 'ను' చేసే పనే చేస్తుంది. "కినో కిత హితొ" అంటే "నిన్న వచ్చిన మనిషి". మాటకు మాట మన వరుసే! తెలుగు ద్రావిడ భాష, జపనీస్ వేరే కుటుంబానిది. అయినా వాక్యం అమరిక ఒక్కటే.

మెదడు ముందే లెక్క వేస్తుంది

"రాత్రి షిఫ్టుకు నాయన బాయికి..." అనగానే "పోయిండు" అని మనసులో అనేసుకుంటాం. క్రియ వచ్చేదాకా మెదడు చేతులు కట్టుకొని కూర్చోదు. కి, కు, ను, తో వంటి విభక్తులను పట్టుకొని ఎవరు, ఎవరికి, దేనిని అని ముందే లెక్క వేస్తుంది. చివరకు "పోలేదు" అని వస్తే ఆ లెక్కను వెంటనే దిద్దుకుంటుంది.

దీనిపై యుకి కమిదె, గెర్రీ ఆల్ట్‌మన్ బృందం 2003లో ఒక పరిశోధన ప్రచురించింది. జపనీస్ మాట్లాడేవారికి హోటల్‌లో వడ్డించే అమ్మాయి, గిరాకి, హాంబర్గర్ ఉన్న బొమ్మ చూపి వాక్యం వినిపించారు. "గిరాకికి" అని వినగానే, హాంబర్గర్ పేరు రాకముందే వారి చూపు దానివైపు మళ్ళింది. "గిరాకిని" అన్నప్పుడు అంతగా మళ్ళలేదు. చిన్న విభక్తికి ఎంత బలముందో చూడండి!

"నాయన బొగ్గు తాగిండు" అంటే మెదడు ఉలిక్కిపడుతుంది. పొసగని మాట కనిపించిన సుమారు 400 మిల్లీసెకన్లకు మెదడులో ప్రత్యేకమైన విద్యుత్ తరంగం వస్తుందని మార్తా కూటాస్, స్టీవెన్ హిల్యార్డ్ 1980లో చూపారు. అంటే అర సెకను కూడా పట్టదు.

మరి ఇంగ్లీషు ఎందుకు కష్టం?

"నిన్న వచ్చిన మనిషి" అనడానికి ఇంగ్లీషులో ముందు 'మనిషి' అని, తర్వాత 'నిన్న వచ్చిన' సంగతి చెబుతారు. పుట్టినప్పటి నుండి ఉన్న అలవాటును తిరగేయాలి. అందుకే ఆలస్యం, తెలివి తక్కువై కాదు. ఇంగ్లీషు వాక్యం చదివేటప్పుడు మొదట క్రియ వెతికి గీత గీయండి. ఆ పని ఎవరు చేశారు, దేనిని చేశారు అని అడగండి. తర్వాత వాక్యమంతా గట్టిగా చదవండి. రోజూ పది వాక్యాలు చాలు.

ఇంకో మంచి మాట. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒకే భాష వచ్చినవారికంటే రెండు, అంతకుమించి భాషలు వచ్చినవారిలో ఆ జబ్బు సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. బడి మొహం చూడనివారిలోనూ ఈ తేడా కనిపించింది.

తెలుగు, ఉర్దూ, హిందీ, గోండి వినిపించే బొగ్గుగనుల ప్రాంతం మనది. ఇన్ని భాషల నడుమ పెరిగిన బుర్రకు మరో భాష ఎందుకు ఎక్కదు మిత్రులారా? తప్పక ఎక్కుతుంది. కావలసింది సాధన ఒక్కటే.