పగా? తిరుగుబాటా? – సీమ సాహిత్యంలో కుటుంబం

కొన్నాళ్ల కిందట ఒక యువ రచయిత తన కథ చదివి అభిప్రాయం చెప్పమని నాకిచ్చాడు. పాత కర్నూలు జిల్లాలోని ఒక పల్లె. ఫ్యాక్షన్ తగాదాలో హతుడైన భర్త చొక్కాను భార్య ట్రంకుపెట్టె అడుగున దాచి ఉంచుతుంది. కొడుక్కి పద్దెనిమిదేళ్లు నిండిన నాడు ఆ నెత్తుటి చొక్కా తీసి వాడి చేతిలో పెడుతుంది. వాడు వేటకొడవలి పట్టుకుని గడప దాటుతాడు. అక్కడితో కథ ముగుస్తుంది.

"ఇది పీడన మీద ఒక కుటుంబం చేసిన తిరుగుబాటే గదా సార్?" అని అతని ప్రశ్న.

కథలో భాష బాగుంది. ఆ తల్లి మాట్లాడే తీరు మా ప్రాంతపు తల్లి మాట్లాడే తీరే. అయినా నేను వెంటనే అవునని చెప్పలేకపోయాను. అతని ప్రశ్న ఒక కథతో తీరేది కాదు. కర్నూలు, కడప ప్రాంతాల నుంచి వచ్చే సాహిత్యంలో కుటుంబాన్ని ఏ దృష్టితో చూడాలన్నదే అసలు ప్రశ్న. నాకు తోచిన జవాబును ఉదాహరణలతో వివరించడానికి ఈ వ్యాసంలో ప్రయత్నిస్తాను.

నిరంకుశాధికారం ఏ రూపంలో ఉన్నా, అది కంపెనీ దొరతనం కావచ్చు, ఊరి పెత్తందారు కావచ్చు, కుటుంబాన్ని రెండు విధాలుగా వాడుకుంటుంది. ఒకటి, తాకట్టుగా. ఎదురు తిరిగినవాడు దొరకకపోతే వాడి పెళ్లాంబిడ్డలను పట్టుకుంటుంది. రెండు, కాపలాదారుగా. "మనకెందుకు నాయనా" అనే మాటను సర్కారు చెప్పనక్కరలేదు, తల్లీతండ్రీ ప్రేమతోనే చెప్తారు. కాబట్టి కుటుంబం తిరగబడడమంటే ముందుగా ఈ రెండు పాత్రలనూ నిరాకరించడం. అయితే నిరాకరించిన ప్రతి కుటుంబమూ తిరుగుబాటు చేసినట్టేనా? కాదని మన చరిత్రే చెబుతోంది.

1846 నాటి రేనాటి తిరుగుబాటును తీసుకుందాం. 1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. థామస్ మన్రో పాలెగాళ్ల అధికారాన్ని అణచివేసి, లొంగినవారికి భరణాలు ఏర్పాటు చేశాడు. నొస్సం పాలెగాడు జయరామిరెడ్డి మనుమడైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వాటాకు వచ్చిన భరణం నెలకు పదకొండు రూపాయల చిల్లర. తాత ఆస్తికి వారసత్వం దక్కలేదు. ఆ భరణం కోసం పంపిన మనిషిని కోయిలకుంట్ల ఖజానాలో అవమానించడంతో రెడ్డి కత్తి పట్టాడని జనంలో కథ.

ఇంతవరకే జరిగి ఉంటే దాన్ని తిరుగుబాటని అనలేం. ఒక పాలెగాడి ఇంటి వాటా తగాదా అనాలి. మన విమర్శకుల్లో కొందరు అక్కడే ఆగిపోయి, ఇది భూస్వామి తన హక్కుల కోసం చేసిన పోరాటమని తేల్చేస్తారు. ఆ మాటలో సగం నిజముంది. మిగతా సగం కట్టుబడుల దగ్గర ఉంది. ఊరికి కావలి కాసే కట్టుబడులకు తరతరాలుగా మాన్యాలుండేవి. కంపెనీ సర్కారు ఆ మాన్యాలను లాక్కోవడం మొదలుపెట్టింది. పొలం పోయిన కట్టుబడి ఇళ్లు ఒక్కటొక్కటే వచ్చి నరసింహారెడ్డి వెనుక నిలబడ్డాయి. వడ్డె ఓబన్న, గోసాయి వెంకన్న వంటివారు అతని పక్కన ఉన్నారు. 1846 జులైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడింది ఒక ఇంటి మనుషులు కారు, అనేక ఇళ్ల మనుషులు. పదకొండు రూపాయల కోపం మాన్యం పోయినవాళ్ల కోపంతో కలిసినప్పుడే వంశ తగాదా ప్రజల తిరుగుబాటుగా మారింది.

అప్పుడు సర్కారు చేసిన పని చూడండి. కోయిలకుంట్ల అప్పట్లో కడప జిల్లాలో తాలూకా. నరసింహారెడ్డి కొండల్లో తిరుగుతూ దొరకకపోయేసరికి అతని కుటుంబాన్ని పట్టుకుని కడపలోని ఒక బంగళాలో బంధించారనీ, వాళ్లను విడిపించుకోవడానికి అతడు కడప దాకా వచ్చాడనీ ప్రచారంలో ఉన్న కథనం. 1846 అక్టోబరు 6న పేరుసోముల దగ్గర జగన్నాథకొండ మీద పట్టుబడ్డాడు. దాదాపు వెయ్యిమందిపై వారంట్లు జారీ అయ్యాయి. 112 మందికి జైలు శిక్షలు పడ్డాయి. అంటే రేనాటిలో ఎన్ని ఇళ్లు మగదిక్కు లేకుండా పోయాయో ఊహించుకోవచ్చు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో సుమారు రెండువేల మంది చూస్తుండగా నరసింహారెడ్డిని ఉరితీశారు. తలను కోట మీద 1877 దాకా వేలాడదీశారు.

ముప్పై ఏళ్లు! ఉరితీసిన ఏడాది పుట్టిన బిడ్డ పెరిగి, పెళ్లాడి, తన బిడ్డలను ఎత్తుకుని ఆ కోట ముందు నుంచి నడిచేదాకా. 1876లో ధాత కరువు వచ్చి కర్నూలు, కడప, బళ్లారి జిల్లాల్లో జనం రాలిపోతున్నప్పుడు కూడా ఆ తల అక్కడే ఉంది. చచ్చినవాడికి శిక్ష ఏమిటి? ఆ శిక్ష బతికినవాళ్లకు. కొడుకు తలకొరివి పెట్టకూడదు, ఆడవాళ్లు శోకాలు పెట్టకూడదు, ఇంట్లో దివసం జరగకూడదు అని సర్కారు ఇచ్చిన ఆజ్ఞ అది.

సాహిత్య విద్యార్థులకు ఇక్కడ సోఫోక్లీస్ 'ఆంటిగొని' గుర్తుకు రావాలి. క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దపు గ్రీకు నాటకం. రాజద్రోహి అని ముద్రపడిన పోలినైసిస్ శవాన్ని పూడ్చరాదని క్రెయాన్ రాజు శాసనం. ఆ రాజు వాళ్లకు స్వయానా మేనమామ. అయినా చెల్లెలు ఆంటిగొని వెళ్లి పిడికెడు మట్టి చల్లి ప్రాణం పోగొట్టుకుంటుంది. శవసంస్కారమనే ఇంటిపని అక్కడ రాజధిక్కారమైంది. కోయిలకుంట్లలో పిడికెడు మట్టి చల్లే అవకాశం కూడా ఏ చెల్లెలికీ లేకపోయింది. మరి రేనాటి జనం ఏం చేశారు? పాట కట్టారు. నరసింహారెడ్డి మీది జానపద గీతం అతణ్ణి పేరు పెట్టి పిలుస్తుంది. చచ్చినవాణ్ణి పేరు పెట్టి పిలిచి శోకం పెట్టడం మన ఇళ్లలో ఆడవాళ్లు చేసే పని. ఇంటివాళ్లను చేయనియ్యని ఆ పనిని ఊళ్లకు ఊళ్లు నెత్తికెత్తుకున్నాయి. అందుకే ఈ పాటను కేవలం వీరగాథగా చదివితే సగమే చదివినట్టు. ఇది దొరతనం జరగనివ్వని ఒక దినకర్మ అని నా అభిప్రాయం.

ఆంటిగొనికి ఒక పరిమితి ఉంది. తన తోడబుట్టినవాడి కోసమే ఈ పని చేశాననీ, భర్త కోసమో బిడ్డ కోసమో అయితే చేసేదాన్ని కాననీ ఆమె నాటకంలో ఒకచోట చెప్పుకుంటుంది. ఆ మాటలు కవివి కావని కొందరు పండితులు వాదించారు గానీ, ఆమె ధిక్కారం ఒక ఇంటి నెత్తురు దగ్గర ఆగిపోయిందన్నది గమనించవలసిన సంగతి. ఆధునిక సాహిత్యం ఈ హద్దును దాటింది. మూడు ఉదాహరణలు చాలు.

గోర్కీ 'అమ్మ' నవలను క్రొవ్విడి లింగరాజు అనువాదంలో తెలుగు పాఠకులు ఏనాడో చదివారు. కొడుకు పావెల్ అరెస్టయ్యాక నీలవ్న ఫ్యాక్టరీలోకి తిండి అమ్మే నెపంతో కరపత్రాలు తీసుకుపోతుంది. ఎందుకు? పావెల్ జైల్లో ఉన్నా కరపత్రాలు వస్తూనే ఉంటే, వాటిని పంచింది అతడు కాదని తేలుతుందని. అది తన బిడ్డను కాపాడుకునే తల్లి పని. నవల చివర రైల్వే స్టేషనులో ఆమె పట్టుబడేనాటికి ఆ పని ఒక్క బిడ్డది కాకుండా పోయింది. బ్రెష్ట్ 1937లో రాసిన 'సెన్యోరా కర్రార్ తుపాకులు' నాటకంలో స్పెయిన్ జాలరి తల్లి భర్తను పోగొట్టుకున్న భయంతో తుపాకులు దాచి, కొడుకులను యుద్ధానికి పోనివ్వదు. చేపలు పట్టడానికి వెళ్లిన పెద్దకొడుకును ఫాసిస్టులు కాల్చి చంపుతారు. ఇంటిని గడప లోపలే ఉండి కాపాడుకోలేమని తెలిసినాక ఆమె దాచిన తుపాకులు తీసి తానే బయల్దేరుతుంది. మహాశ్వేతాదేవి 'హజార్ చురాశిర్ మా' (1974) నవలలో సుజాత కొడుకు వ్రతి శవాగారంలో 1084వ నంబరు శవం. కొడుకు పేరు పత్రికల్లో రాకుండా చూసుకున్నది పోలీసులు కాదు, కన్నతండ్రి. కుటుంబం కాపలాదారు కావడమంటే ఇదే. సుజాత ఆ ఇంటి నుంచి బయటికి నడిచి, కొడుకుతోపాటు చచ్చిన సోము తల్లి పేదింటికి వెళ్తుంది. ఆమె తిరుగుబాటు ఆ నడకలో ఉంది.

ఈ ముగ్గురు తల్లులూ తమ ఇంటి దుఃఖంతోనే మొదలయ్యారు. అందులో తప్పు లేదు, మనుషులు మొదలయ్యేది అక్కడి నుంచే. వాళ్ల దుఃఖం ఇంకో ఇంటి గడప తొక్కింది. పగకూ తిరుగుబాటుకూ తేడా ఇదేనని నేననుకుంటాను. పగ తన ఇంటి నెత్తురును మాత్రమే లెక్కపెడుతుంది. తిరుగుబాటు పక్కింటి నెత్తురును కూడా తనదిగా లెక్క వేసుకుంటుంది.

ఇప్పుడు ఆ నెత్తుటి చొక్కా దగ్గరికి వద్దాం. ఆ తల్లి నిజంగా ఎవరిని ధిక్కరించింది? ఫ్యాక్షన్ నాయకుడికి కావలసింది సరిగ్గా అలాంటి తల్లే. తండ్రి చస్తే కొడుకును, కొడుకు చస్తే మనుమణ్ణి పంపే ఇల్లు. ఆ ఇంటికి భూమి మిగలదు, మనిషి మిగలడు. నాయకుడికి మాత్రం కాంట్రాక్టులూ పదవులూ మిగులుతాయి. పగ చూడ్డానికి ధిక్కారంలా ఉంటుంది, దాని లోపల ఉన్నది విధేయత. 'సమరసింహారెడ్డి' (1999) నుంచి వరసగా వచ్చిన సినిమాలు ఈ విధేయతనే పౌరుషమని అమ్మాయి. సీమ కుటుంబమంటే కొడవలికి పసుపు రాసే కుటుంబమని బయటి ప్రాంతాలవాళ్లే కాదు, మన పిల్లలూ నమ్మే స్థితి వచ్చింది.

మన సాహిత్యంలో దీనికి భిన్నమైన కుటుంబం లేదా? ఉంది. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' (1956)లో రంగడు, గంగమ్మల కాపురం ఉంది. అయితే అది అనంతపురం సీమ కరువును భరించే ఇల్లు. మన సాహిత్యం భరించే ఇంటిని బాగా చూపింది, నరికే ఇంటిని సినిమా చూపింది. నిరాకరించే ఇల్లు తక్కువగా కనబడుతోంది.

అట్లాంటి ఇల్లు జీవితంలో లేక కాదు. మా జేజి చెప్పిన సంగతి ఒకటుంది. మా నాయన పదహారేళ్లవాడుగా ఉన్నప్పుడు ఊరి పెత్తందారు ఇంటికొక మనిషిని కట్టె తీసుకుని రమ్మని కబురు పెట్టాడు. పక్క ఊరి వర్గంతో కొట్లాట. పోనివాళ్లకు మరుసటి ఏడు కోరుకు భూమి దొరకదు. అది కరువు ఏడు, వాకిట్లో జొన్నపాతర ఖాళీగా ఉంది. జేజి కొడుకును అందులోకి దించింది. గంప బోర్లించబోతూ ఆగి, వెనక గేరిలోని విధవరాలి కొడుకులిద్దరినీ పిలుచుకొచ్చి వాళ్లనూ దించింది.

"పెద్దమ్మా, నీ కొడుకేడీ?" అని వచ్చినవాళ్లు అడిగినారు.

"బేస్తారం సంతకు పోయినోడు ఇంగా రాలా నాయనా" అని గంప మీద చెయ్యేసి కూచుని చెప్పింది.

ఆ మరుసటి ఏడు భూమి పోయింది. రెండేళ్లు కూలికి పోయి బతికినారు. జేజి దీన్ని తిరుగుబాటని ఎన్నడూ అనలేదు. "ఒగ పిల్లోడు పట్టే పాతరలో ముగ్గురు పట్టరా?" అని మాత్రం అనేది. నా దృష్టిలో ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాటలో ఉంది.

నేను ఆ యువ రచయితకు చివరికి ఏం చెప్పాను? కథ చింపేయమని చెప్పలేదు. ముగింపు మార్చి, తల్లి చేత ఉపన్యాసం చెప్పించమనీ చెప్పలేదు. అట్లాంటి అతికించిన చైతన్యంతో అభ్యుదయ కథ ఇప్పటికే చాలా నష్టపోయింది. చొక్కా పెట్టెలో దాచిన తల్లి అబద్ధం కాదు, ఆమె ఉంది, ఆమెను రాయాల్సిందే. రచయిత ఆమెను చూసి చప్పట్లు కొట్టడంతోనే చిక్కు. వీధికి ఆ చివర ఇంకో ట్రంకుపెట్టె ఉంటుంది, అందులో ఇంకో చొక్కా ఉంటుంది. ఆ ఇంటి తల్లి ఎవరో నీ కథకు తెలుసా అని అడిగాను. తెలిస్తే, ఆమె పేరు కథలో ఒక్కసారైనా వినబడితే, పాఠకుడు తనంతట తానే లెక్క వేసుకుంటాడు.

కడప బంగళాలో బంధించిన ఆ ఆడవాళ్ల గురించి నేను చదివిన పుస్తకాలు ఒక వాక్యంతో సరిపెట్టాయి. జైలుకు పోయిన 112 మంది ఇళ్లలో ఆ రాత్రి ఎవరు పొయ్యి వెలిగించారో, పక్కింటికి ఎవరు సంగటి పంపారో రాసిన కథ నాకింతవరకు కనబడలేదు. మన యువ రచయితలు చేయవలసిన పని అక్కడ మిగిలి ఉంది.