బిడ్డల యెదుగుదల - దానిని పరీక్షించు వైద్యులు

మా పాఠశాలలో ప్రతి సంవత్సరమును విద్యార్థుల యెత్తును, బరువును కొలిచి పుస్తకమున వ్రాయుచుందుము. కొన్ని సంవత్సరముల క్రిందట ఆ పుస్తకమే మాకొక పాఠము నేర్పెను. తరగతిలో మందకొడిగా కూర్చుండి, పిలిచినను ఆలస్యముగా బదులు పలుకు నొక బాలుని సోమరి యని మేము పలుమారు మందలించితిమి. తోడిబాలురు అతనిని పొట్టివాడని పరిహసించిరి. ఒకనాడు పాత లెక్కలు చూడగా, అతడు రెండేండ్లలో 3 సెంటీమీటర్లైనను పెరుగలేదని తెలిసినది. ఆ యంకెలను వ్రాసినది మేమే, చదువనిదియు మేమే. తండ్రిని పిలిపించి చెప్పితిమి. ఊరి వైద్యులు ఆ బాలుని, బిడ్డల హార్మోనులను, ఎదుగుదలను పరీక్షించు నిపుణునియొద్దకు పంపిరి.

హార్మోనులనగా నేమి? మన దేహమున నాళములు లేని గ్రంథులు కొన్ని కలవు. అవి తమ రసములను నేరుగా రక్తములోనికి విడుచును. ఆ రసములకు హార్మోనులను పేరును 1905లో స్టార్లింగ్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు వాడుకలోనికి తెచ్చెను. మెదడు క్రింద బఠాణీగింజయంత యుండు పిట్యూటరీ గ్రంథి ఎముకల పెరుగుదలకు తోడ్పడును. కంఠముననున్న థైరాయిడు గ్రంథి దేహమునకు చురుకుదనమును, శిశువు మెదడునకు వృద్ధిని కలిగించును.

ఇట్టి బిడ్డలకై అమెరికాలోని బాల్టిమోరు నగరమున, జాన్స్ హాప్కిన్స్ వైద్యాలయమందు, 1935లో లాసన్ విల్కిన్స్ అను వైద్యుడు ప్రత్యేక చికిత్సాశాల నారంభించెను. ఈ నిపుణుల మొదటి పనిముట్టు కొలబద్దయే. ఒక్కసారి కొలిచిన యెత్తు కొంచెమే చెప్పును. ఆరు నెలలకో, ఏడాదికో మరల కొలిచిన యెత్తు చాల చెప్పును. నాలుగేండ్లు దాటిన బిడ్డ, యౌవనారంభమువరకు, ఏటేట ఇంచుమించు 5 లేక 6 సెంటీమీటర్లు పెరుగును. వైద్యుడు తలిదండ్రుల యెత్తు నడుగును; ఎడమచేతికి ఎక్స్‌రే తీయించి ఎముకల వయస్సును గ్రహించును; రక్తమును పరీక్షింపించును. పొట్టిగానున్న బిడ్డలందరును రోగులు కారు. కొందరు తలిదండ్రుల పోలిక. కొందరు ఆలస్యముగా ఎదుగుదురు.

అయితే లోపమున్నచో కాలము మిక్కిలి విలువైనది. ఎముకల చివరనున్న మృదులాస్థి గట్టిపడిన పిమ్మట ఏ మందును ఎత్తును పెంచజాలదు. పుట్టుకతోనే థైరాయిడు లోపమున్న శిశువునకు మొదటి రెండు వారములలోనే మందు మొదలుపెట్టవలెను; జాగు చేసినచో మెదడునకు కలిగిన నష్టము తిరిగి పూడదు. అందుచేతనే అనేక దేశములలో శిశువు మడమనుండి రక్తపుబొట్టు తీసి పరీక్షించుచున్నారు.

మా విద్యార్థికి థైరాయిడు లోపమని తేలినది. ప్రతి ఉదయము పరగడుపున ఒక చిన్న మాత్ర, చికిత్స అంతియే. ఏడాది తిరుగకమునుపే లాగులన్నియు పొట్టివయ్యెనని అతని తల్లి సంతోషముతో చెప్పినది. పాఠములయందును అతడు చురుకయ్యెను.

తలిదండ్రులారా, ప్రతి పుట్టిననాడును బిడ్డ యెత్తును గోడపై గీతగీసి తేదీ వ్రాయుడు. గీతలు దగ్గరపడినచో వైద్యునికి చూపుడు. ఎత్తు పెంచునని అమ్మెడి పొడులకు డబ్బు పోయకుడు. విద్యార్థులారా, తోడివాని పొట్టితనమును నవ్వులాటకు తీసికొనకుడు. మేమును ఇప్పుడు ఆ పుస్తకమున వ్రాసి యూరకుండక, ప్రతి పేరును నిరుటి లెక్కతో పోల్చి చదువుచున్నాము.