కంపైలర్ మార్చింది స్పీడ్ కోసం కాదు.. లైసెన్స్ కోసం!

ఖాజాగూడ, గచ్చిబౌలి ఐటీ ఆఫీసుల్లో వాడే ఓపెన్ సోర్స్ టూల్స్ ఫ్రీనే.. కానీ షరతులుంటాయి. మనం రాసిన కోడ్‌ను మెషీన్ భాషలోకి మార్చేది కంపైలర్. ఆ క్రమంలో అనవసర లెక్కలు తీసేసి ప్రోగ్రామ్‌ను ఫాస్ట్‌గా చేయడమే ఆప్టిమైజేషన్.

ఇందులో జీసీసీకి మంచి పేరుంది. అయినా ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని పక్కనపెట్టింది. కారణం 2007లో వచ్చిన జీపీఎల్ వెర్షన్ 3 షరతులు. అవి నచ్చక పాత జీసీసీ 4.2.1 దగ్గరే ఏళ్లపాటు ఆగిపోయింది.. కొత్త ఆప్టిమైజేషన్లు అందలేదు. చివరకు 2014లో 10.0 వెర్షన్‌తో క్లాంగ్‌కు మారింది.

మరి జీసీసీతో కంపైల్ చేస్తే మన కోడ్ కూడా ఓపెన్ చేయాలా? అక్కర్లేదు, దానికి ప్రత్యేక మినహాయింపు ఉంది. అదే లినక్స్ కెర్నల్‌ను మార్చి, ప్రొడక్ట్‌లో పెట్టి అమ్మితే మాత్రం ఆ సోర్స్ కోడ్ ఇవ్వాల్సిందే. అందుకే వాడే ముందే లైసెన్స్ చదవాలి.