సిమెంటులో నీటి దారులు

గట్టిపడిన సిమెంటు పైకి రాయిలా కనిపించినా లోపలంతా సన్నని రంధ్రాలే. సిమెంటు, నీరు కలిసినప్పుడు పుట్టే జిగురులోని రంధ్రాలు కొన్ని నానోమీటర్లే. వాటిలోంచి నీరు కదలడం కష్టం. నీటికి అసలు దారి ఇచ్చేవి కేశిక రంధ్రాలు. రసాయన చర్యకు పట్టక మిగిలిన నీరు వదిలిన ఖాళీలవి. నీరు–సిమెంటు నిష్పత్తి 0.4 అయితే సుమారు 3 రోజులకు, 0.5 అయితే సుమారు 14 రోజులకు వాటి మధ్య లంకె తెగుతుంది. 0.7 దాటితే ఎన్నాళ్లు తడిపినా తెగదు. మాలు జారుగా ఉంటుందని అదనంగా పోసే బకెట్టు నీళ్లతో జరిగే నష్టం ఇదే.

ఈ లంకెను అమెరికా ప్రమాణాల సంస్థలో డేల్ బెంట్జ్, ఎడ్వర్డ్ గార్బోచి 1991లో కంప్యూటర్‌పై లెక్కగట్టారు. సిమెంటు ముద్దను చిన్న చిన్న గడులుగా విడగొట్టి, రసాయన చర్యను అంచెలంచెలుగా నడిపించారు. కేశిక రంధ్రాల వాటా దాదాపు 18 శాతానికి తగ్గేసరికి ఈ కొస నుంచి ఆ కొసకు దారి మూసుకుపోతుందని తేలింది.

పూర్తిగా తడిసిన కాంక్రీటులో ప్రవాహానికి 1856లో హెన్రీ డార్సీ ఇసుక పొరలపై కనుగొన్న సూత్రం సరిపోతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో అది చాలదు. అక్కడి గోడ వానాకాలమంతా నాని, వేసవిలో ఎండుతుంది. ఎండిన గోడ తొలకరి నీటిని పీల్చుకుంటుంది. గంటలో దిగిన లోతుకు రెట్టింపు దిగాలంటే నాలుగు గంటలు పడుతుంది. ఆరేటప్పుడు అవే దారుల్లో గాలితో పాటు కార్బన్ డయాక్సైడ్ చేరి కాంక్రీటు క్షారగుణాన్ని తగ్గిస్తుంది. ఈ మార్పు లోపలి ఇనుప కడ్డీల దాకా పాకితే తుప్పుకు వీలు చిక్కుతుంది. నీరు నిండిన రంధ్రంలో వాయువు మెల్లగా కదులుతుంది, బొత్తిగా ఎండితే చర్యే సాగదు. చేటంతా నడిమి తేమలో ఉంది. సముద్రపు ఉప్పు బెడద లేని ఈ ప్రాంతానికి నీటినీ గాలినీ కలిపి లెక్కించే మోడలే పనికొస్తుంది.

బస్తర్‌లోనే, జగదల్‌పూర్ దగ్గరి నగర్నార్‌లో ఎన్‌ఎండీసీ ఉక్కు కర్మాగారం 2023లో మొదలైంది. బ్లాస్ట్ ఫర్నేసులో ఇనుముతో పాటు స్లాగు కూడా వస్తుంది. నీటితో చప్పున చల్లార్చి మెత్తగా నూరిన స్లాగును సిమెంటులో కలిపితే, అది నిదానంగా చర్య జరిపి రంధ్రాలను ఇంకా సన్నగా చేస్తుంది. ఆ నిదానాన్ని మోడల్ పట్టించుకోకపోతే తొలివారాల అంకెలు తప్పుతాయి. కంప్యూటర్‌కిచ్చే అంకెల్లో అన్నిటికన్నా నమ్మరానిది క్యూరింగే, అంటే కాంక్రీటును తడిపి ఉంచే కాలమే; కాగితంపై రాసినన్నాళ్లు స్లాబు తడవడం అరుదు. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, స్లాగు సిమెంటుకు 10 రోజులు, వేడి, పొడి వాతావరణంలో ఏ సిమెంటుకైనా కనీసం 10 రోజులు తడపాలని భారత కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది.