ఒక్క గుక్కే గదా!

కచుని కథ మన ఇళ్ళలో తెలియనివారుండరు. మృతసంజీవని నేర్చుకోవడానికి శుక్రాచార్యుని వద్దకు వచ్చిన ఆ కుర్రవాణ్ణి రాక్షసులు చంపి, కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి గురువుగారి చేతికే ఇచ్చారు. ఆయన తాగేశాడు. దేవయాని కంట తడి పెడితే గాని, శిష్యుడు తన కడుపులోనే ఉన్నాడని ఆయనకు తెలియలేదు. తెలిసిన తర్వాత, సురాపానం మహాపాతకమని కట్టడి చేశాడు. తాగుడు కూడదనడానికి పెద్దలు ఈ కథ చెబుతూంటారు. ఇందులో ఇంకొక సంగతి కూడా ఉంది. తాగినవాడు పెద్దవాడు; ప్రాణం మీదికి వచ్చింది మాత్రం కుర్రవాడికి.

పెద్దల తాగుడు సంగతి అలా ఉంచుదాం. మీసాలింకా సరిగా రాని పిల్లవాడికి మొదటి గుక్క ఎక్కడ దొరుకుతోంది? దుకాణంలోనే అనుకుంటాం. చాలాసార్లు అది బంధువుల ఇంటి పెళ్ళిలో, మేడమీద చేరిన మగవాళ్ళ మధ్య దొరుకుతుంది. "మగపిల్లవాడు, ఆ మాత్రం తెలియద్దూ! ఒక్క గుక్కే గదా!" అని బాబాయో, మామయ్యో గ్లాసు అందిస్తాడు. కింద వంటింట్లో ఉన్న తల్లికి సంగతి తెలియకపోదు. నలుగురిలో రచ్చ ఎందుకని ఊరుకుంటుంది.

బీరు ఏం చేస్తుందిలే!

"విస్కీ కాదు, బీరే" అని సమాధానపడేవారు చిన్న లెక్క చూడాలి. మన దేశంలో అమ్మే విస్కీలో నూటికి సుమారు 43 పాళ్ళు ఆల్కహాలు. అంటే 30 మిల్లీలీటర్ల పెగ్గులో పది గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. 'స్ట్రాంగు' అని పేరు వేసుకున్న బీరులో నూటికి ఎనిమిది పాళ్ళదాకా ఉండవచ్చు. 650 మిల్లీలీటర్ల పెద్ద సీసా ఒక్కటి ఖాళీ చేస్తే, సుమారు నాలుగు పెగ్గుల విస్కీ తాగినట్టే.

ఈ విషాన్ని విరిచివేసే పని కాలేయానిది. ఎదిగిన మనిషి కాలేయానికే ఒక పెగ్గును వదిలించడానికి గంటకు పైగా పట్టవచ్చు. కాఫీ తాగించినా, నిమ్మరసం పట్టించినా, చన్నీళ్ళు తలమీద గుమ్మరించినా ఆ వేగం పెరగదు. డెబ్బై కిలోల పెద్దమనిషి తట్టుకున్న మోతాదు నలభై ఐదు కిలోల కుర్రవాడి రక్తంలో ఎంతో చిక్కగా చేరుతుంది. దానికి తోడు, చిన్నపిల్లల్లో రక్తంలోని చక్కెర హఠాత్తుగా పడిపోయే ప్రమాదమూ ఉంది. ఫిట్లు రావచ్చు, స్పృహ తప్పవచ్చు.

"మత్తుగా పడుకున్నాడు, తెల్లవారితే అదే దిగుతుంది" అని తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోవడం అన్నిటికంటె పెద్ద పొరపాటు. కడుపులో ఉన్నది నిద్రలో కూడా రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. వెల్లకిలా పడుకున్నవాడికి వాంతి వస్తే ఊపిరి ఆడదు. పిలిచినా పలకకపోయినా, ఊపిరి ఆగి ఆగి వస్తున్నా, ఒళ్ళు చల్లబడినా ప్రక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయాలి. అంబులెన్సు వచ్చేదాకా ఒంటరిగా వదలరాదు. గొంతులో వేలు పెట్టి వాంతి చేయించరాదు. పరువు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

తొందరపడితే ఏమవుతుంది?

ఆ రాత్రి గడిచిపోయినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. మనిషి మెదడు సుమారు పాతికేళ్ళు వచ్చేదాకా ఎదుగుతూనే ఉంటుంది. సుఖాన్ని వెంటనే కోరే భాగాలు ముందు చురుకుదేరుతాయి. "ఆగు, ఆలోచించు" అని చెప్పే నుదుటి వైపు భాగం చివరను పక్వానికి వస్తుంది. పగ్గం చేతికి రాకముందే గుర్రం ఎక్కిన రౌతు ఎలా ఉంటాడో, పదిహేనేళ్ళవాడు మద్యం ముందు అలా ఉంటాడు.

అమెరికాలో జరిగిన ఒక పెద్ద సర్వే ఫలితాలు 1997లో వెలువడ్డాయి. పదిహేనేళ్ళు నిండకముందే తాగడం మొదలుపెట్టినవారిలో నూటికి నలభైమందికి పైగా, జీవితంలో ఏదో ఒక దశలో తాగుడుకు బానిసలయ్యారు. ఇరవై దాటిన తర్వాత మొదలుపెట్టినవారిలో ఆ సంఖ్య సుమారు పది. దీనికంతకూ వయస్సే కారణమా, ఇంటి పరిస్థితులూ వంశలక్షణాలూ కూడా కలిశాయా అని పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. ఐనా, ఆలస్యం చేసినందువల్ల ఎవరికీ నష్టం లేదు గదా!

"మన కళ్ళముందు కాస్త రుచి చూస్తే బయట తాగడు" అనే తండ్రులు కొందరున్నారు. వారి ఉద్దేశం మంచిదే. ఐతే ఆస్ట్రేలియాలో సుమారు 1,900 మంది పిల్లలను 2010 నుంచి ఆరేళ్ళపాటు గమనించి, 2018లో ఫలితాలు ప్రకటించారు. తలిదండ్రులే పోసి ఇచ్చిన పిల్లలు తగ్గి తాగినట్టు కనబడలేదు. బయట కూడా సంపాదించి తాగే అవకాశం వారిలోనే హెచ్చుగా కనిపించింది. పిల్లవాడికి అందింది మితం కాదు, అనుమతి.

దారి లేకపోలేదు

పిల్లలు ఎలాగూ వినరని నిరాశపడనక్కరలేదు. ఐస్‌లాండు అనే చిన్న దేశంలో 1998లో పదిహేను, పదహారేళ్ళ పిల్లల్లో నూటికి 42 మంది, గడచిన నెలలో ఒకసారైనా మత్తెక్కేటట్టు తాగామని చెప్పారు. 2016 నాటికి ఆ సంఖ్య 5కు దిగింది. అక్కడ బెత్తాలు ఝళిపించలేదు. ఇరవై ఏళ్ళు నిండనివారికి మద్యం అమ్మరాదన్నారు. రాత్రివేళ పిల్లలు ఇల్లు చేరవలసిన గంట పెట్టారు. ఆటలకూ సంగీతానికీ మునిసిపాలిటీలు డబ్బిచ్చాయి. అన్నిటికంటె ముఖ్యంగా, ఒక బడి పిల్లల తలిదండ్రులందరూ కూర్చుని ఒక్క మాట మీద నిలిచారు. "ఫలానావాళ్ళ ఇంట్లో ఒప్పుకుంటారు" అనే వాదనకు తావు లేకుండా పోయింది.

ఒక్క మాట మీద నిలవడం మన తల్లులకు కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు కదిలితే ఆ కదలిక రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారాయి నిషేధం వచ్చింది. ఒక ఊరు చేయగలిగిన పని ఒక వీధి చేయలేదా?

చట్టం కూడా తోడుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ ఇరవై ఒకటి నిండనివారికి మద్యం అమ్మరాదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, డాక్టరు చెబితే తప్ప, పద్ధెనిమిది నిండని పిల్లలకు మద్యం ఇచ్చినవారికి ఏడేళ్ళదాకా కఠిన శిక్ష, లక్ష రూపాయలదాకా జరిమానా పడవచ్చు. ఇచ్చినవాడు మేనమామ ఐనా చట్టానికి పట్టదు. పిల్లల చేత మద్యం అమ్మించడం, మోయించడం కూడా ఇటువంటి నేరమే. "ఒరే, ఆ సీసా పట్టుకురా" అని కొడుకును పంపే తండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది. ఇక మోటారు సైకిలు తాళం ఇచ్చే ముందు మరొక సంగతి. మైనరు బండి నడిపి నేరం చేస్తే తలిదండ్రులకు మూడేళ్ళదాకా జైలు, పాతికవేల జరిమానా అని 2019లో చట్టాన్ని సవరించారు.

కొడుకు తాగి వచ్చాడని తెలిసిన రాత్రి మాత్రం కేకలు వేయవద్దు. ఆ సమయంలో అతనికి ఏదీ తలకెక్కదు. ప్రాణానికి భయం లేదని చూసుకుని, దగ్గర కూర్చోండి. మర్నాడు తేరుకున్న తర్వాత ఎక్కడ, ఎవరితో, ఎందుకు అని నెమ్మదిగా అడగండి. "ఎక్కడ చిక్కుకున్నా సరే, ఎంత రాత్రయినా నాకు ఫోను చెయ్యి, నేను వచ్చి తీసుకువస్తాను" అని ముందే చెప్పి ఉంచండి. తాగిన స్నేహితుడి బండి వెనుక కూర్చోవడం కంటె తండ్రి చివాట్లే నయమని పిల్లవాడికి నమ్మకం కలగాలి. ఆడపిల్లకూ ఇదే మాట చెప్పాలి.

ఈసారి పెళ్ళిలో ఎవరైనా మీవాడికి గ్లాసు అందించబోతే, మొహమాటపడకండి. "ఇరవై ఒకటి నిండనీ అన్నయ్యా, అప్పుడు వాడి ఇష్టం" అని నవ్వుతూనే చెప్పి, ఆ గ్లాసు మీరు అందుకుని పక్కన పెట్టేయండి.