వీలునామాలో విరాళం: పన్ను ఎక్కడ పడుతుంది?

పాతబస్తీలోని అనాథాశ్రమానికో, దవాఖానాకో వీలునామాలో కొంత రాయాలనుకుంటున్నారా? చనిపోయినవారి ఆస్తిపై వేసే పన్ను 1985లోనే రద్దయింది, ఆ భయం వద్దు. అయితే 80జి రాయితీ బతికుండగా ఇచ్చిన విరాళానికే, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవారికే. రూ.2,000 మించితే నగదుగా ఇవ్వకండి, రాయితీ రాదు. సేద్యపు ఆదాయం ఒక్కటే ఉన్నవారికి పన్నే లేదు, రాయితీతో పనిలేదు.

పొలం అమ్మి సొమ్ము ఇమ్మని రాసేటప్పుడు జాగ్రత్త. హైదరాబాద్ నగర హద్దుకు 8 కిలోమీటర్ల లోపలి పొలమైతే అమ్మిన లాభంపై పన్ను పడుతుంది. పొలాన్నే సంస్థకు రాస్తే ఆ బదిలీపై ఈ పన్ను ఉండదు.

ముస్లిం రైతులు వారసుల సమ్మతి లేకుండా మూడో వంతుకు మించి రాయలేరు. ఎవరైనా సరే, ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించండి. సంస్థ పూర్తి పేరు, చిరునామా రాయండి. లేకుంటే తగాదా మీ పిల్లలకు మిగులుతుంది.