తెల్లవార్లూ మేలుకున్న చక్రవర్తి

పుట్టుకతో రాజైనవాడికి తాను ఎందుకు రాజో చెప్పుకోవాల్సిన అవసరం ఉండదు. 1701లో రిగో గీసిన నిలువెత్తు చిత్తరువులో పద్నాలుగో లూయీ ఏ పనీ చేయడు. పట్టాభిషేక వస్త్రాలు ధరించి ఠీవిగా నిలబడతాడు, అంతే. 1804లో తన చేతులతో తానే కిరీటం పెట్టుకున్న నెపోలియన్‌కు ఆ వెసులుబాటు లేదు. ఏ హక్కుతో ఏలుతున్నావన్న ప్రశ్నకు అతని తరఫున జాక్ లూయీ దావీద్ 1812లో ఒక బొమ్మతో జవాబు చెప్పాడు. ట్యూలరీస్ భవనంలోని పనిగదిలో నిలబడ్డ నెపోలియన్ బొమ్మ అది. ఇప్పుడు వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. లాయరు కోర్టులో సాక్ష్యాలు పేర్చినట్టు దావీద్ అందులో వస్తువుల్ని పేర్చాడు.

గడియారంలో నాలుగూ పదమూడు నిమిషాలైంది. సాయంత్రమేమో అనుకునే వీలు లేకుండా బల్ల మీది కొవ్వొత్తులు దాదాపు అడుగంటా కాలిపోయాయి. కత్తి కుర్చీ మీద ఉంది. చుట్టచుట్టిన కాగితాల మీద ‘కోడ్’ అన్న అక్షరాలు కనిపిస్తాయి, అంటే 1804 నాటి పౌర చట్టం. జుట్టు చెదిరింది, చొక్కా చేతుల గుండీలు ఊడాయి, తెల్లటి మేజోళ్లు ముడతలు పడ్డాయి. ప్రజలు నిద్రపోతుంటే ఏలిక మేలుకుని చట్టం రాస్తున్నాడని ఇవన్నీ కలిసి చెబుతాయి. (చొక్కాలో దూర్చిన చెయ్యి కడుపునొప్పికి గుర్తు కాదు, నెపోలియన్ పుట్టకముందు నుంచే పెద్దమనుషుల చిత్తరువుల్లో ఉన్న భంగిమ.)

ముడతల మేజోళ్లకూ గ్రీకు, రోమన్ ఆదర్శాలను నెత్తిన పెట్టుకున్న నియోక్లాసికల్ శైలికీ పొత్తు ఎక్కడ అని అడగవచ్చు. బల్ల కింద ప్లూటార్క్ రాసిన మహాపురుషుల చరిత్రల సంపుటం ఉంది. సొంత సుఖం మానుకుని రాజ్యం కోసం శ్రమించడమన్న పాత రోమన్ గుణాన్ని దావీద్ ఆనాటి సైనిక దుస్తుల్లోకి దించాడు. ఆ ఆదర్శం అలసటలోనే ఉంది.

ఇది ఆస్థాన భజన కదా అన్నది ఇంకా గట్టి అభ్యంతరం. అయితే ఈ బొమ్మ వేయించింది నెపోలియన్ కొలువు కాదు. ఫ్రాన్స్‌తో యుద్ధంలో ఉన్న బ్రిటన్‌కు చెందిన స్కాటిష్ ప్రభువు, నెపోలియన్ అభిమాని అలెగ్జాండర్ హామిల్టన్. నెపోలియన్ దీనికోసం కూర్చోనేలేదు. చట్టం ముసాయిదా చర్చల్లో సగానికి పైగా సమావేశాలకు అతను స్వయంగా అధ్యక్షత వహించాడు కనుక ఆ శ్రమ కట్టుకథ కాదు. భజన ఉన్నది ఏం చూపాలో ఎంచుకోవడంలో. ఎనిమిదేళ్ల కిందటే అమల్లోకి వచ్చిన చట్టాన్ని ఇంకా రాత్రంతా కూర్చుని రాస్తున్నట్టు చూపాడు. భార్య భర్తకు విధేయురాలై ఉండాలన్న నిబంధనా ఆ చట్టంలోనిదే, కానీ చుట్టలో పేరు తప్ప మరేదీ చదవలేం. కత్తిని పక్కన పెట్టినట్టు కనిపించే ఆ ఏడాదే నెపోలియన్ లక్షల మంది సైనికులతో రష్యా మీదికి దండెత్తాడు. వాళ్లలో తిరిగొచ్చినవాళ్లు కొద్దిమందే.